న్యాయపీఠంపై దైవభీతి - ఖాజీ అబూ యూసుఫ్ (రహ్మలై) జీవితం

న్యాయం మీద స్థిరంగా నిలబడాలని, అది తమకూ, తమ తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకంగా పోయినా సరే సత్యానికే సాక్ష్యం చెప్పాలని దివ్యఖుర్‌ఆన్ విశ్వాసులను ఆదేశించింది. ఎదుట నిలిచినవాడు ధనికుడైనా, పేదవాడైనా ఆ ఆదేశం మారదు. అయితే ఆదేశం గ్రంథంలో ఉండటం వేరు, అది పేదవాడి గడప దాకా రావడం వేరు. పేదవాడు న్యాయస్థానం మెట్లు ఎక్కాలంటే అడుగడుగునా అడ్డంకులే. ఎదుటివాడి పలుకుబడి ఒక అడ్డంకి, కొనుక్కొచ్చిన సాక్షులు మరొక అడ్డంకి, అధికారి దగ్గర భయం ఇంకొక అడ్డంకి. ఈ అడ్డంకులను తొలగించడానికి ధర్మశాస్త్ర జ్ఞానాన్ని వినియోగించిన మహనీయులు ఇస్లామీయ చరిత్రలో ఎందరో ఉన్నారు. వారిలో అగ్రగణ్యులైన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) జీవితాన్ని మేము ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మన తెలుగునాట ముస్లిం కుటుంబాలలో అత్యధికులు హనఫీ ధర్మశాస్త్రాన్ని అనుసరిస్తారు. నమాజు, నికాహ్, వారసత్వం, వక్ఫ్ వంటి విషయాలలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) పేరు మన ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. ఆ మహా ఇమామ్ శిష్యుల్లో మొదటి వరుసలో నిలిచేవారు ఇద్దరు. ఒకరు ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై), మరొకరు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై). గురువు బోధించిన ధర్మశాస్త్రాన్ని న్యాయస్థానంలోకి తీసుకువెళ్ళి ఆచరణలో పరీక్షించినవారు అబూ యూసుఫ్.

పేదింటి బిడ్డ

ఆయన అసలు పేరు యాఖూబ్ బిన్ ఇబ్రాహీం. హిజ్రీ 113 (క్రీ.శ. 731)లో ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. ఆయన పూర్వీకుల్లో ఒకరైన సఅద్ (రజి) దైవప్రవక్త ముహమ్మద్ (స) సహచరులు. ఉహుద్ యుద్ధానికి బయలుదేరినప్పుడు వయసు చాలదని ఆయన్ని దైవప్రవక్త (స) వెనక్కి పంపారు. అంత గొప్ప వంశంలో పుట్టినా అబూ యూసుఫ్ ఇంట్లో పూట గడవటమే కష్టంగా ఉండేది.

ఆయన బాల్యం గురించి చరిత్రకారులు రెండు రకాలుగా రాశారు. తండ్రి చిన్నప్పుడే చనిపోతే తల్లి ఆయన్ని బట్టలు ఉతికి చలువ చేసే పనివాడి దగ్గర పనికి కుదిర్చిందనీ, పిల్లవాడు దారిలో పని మానేసి ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) పాఠాలు వినడానికి వెళ్ళి కూర్చునేవాడనీ ఒక ఉల్లేఖనం. తండ్రి బతికే ఉన్నారనీ, కలిగినవారైన అబూ హనీఫాతో సమానంగా కాలం గడిపే స్థోమత మనకు లేదు, వెళ్ళి పని చూసుకోమని ఆయనే కొడుకును వారించారనీ మరొక ఉల్లేఖనం. ఏది నిజమైనా ఇంటి పరిస్థితి ఒకటే. చదువుకు కూర్చుంటే ఆ పూట ఇంట్లో రొట్టె ఉండదు.

శిష్యుడు కొన్నాళ్ళు కనిపించకపోయేసరికి గురువు ఆరా తీశారు. విషయం తెలిసిన తర్వాత అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, అతని చేతిలో ఒక సంచి పెట్టారు. అందులో 100 దిర్హములు ఉన్నాయి. పాఠాలు మానవద్దని, అవి అయిపోతే చెప్పమని అన్నారు. డబ్బు అయిపోయిందని తాను ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదనీ, అయినా ఎవరో చెప్పినట్టుగా గురువు సమయానికి మళ్ళీ ఇస్తూనే ఉండేవారనీ అబూ యూసుఫ్ తర్వాతి కాలంలో తలచుకునేవారు. ఇమామ్ అబూ హనీఫా బట్టల వ్యాపారి. ఆ వ్యాపార లాభంలో ఒక భాగం ఇలాంటి పేద విద్యార్థుల కడుపు నింపింది.

ఈ అనాథ బిడ్డకు చదువులెందుకని తల్లి ఒకసారి గురువు మీదే కోప్పడితే, ఇతను పిస్తా నూనెతో చేసిన ఫాలూదా తినే విద్య నేర్చుకుంటున్నాడని ఆయన నవ్వుతూ జవాబిచ్చారట. ముసలాయనకు మతి పోయిందనుకుని ఆమె వెళ్ళిపోయింది. ఏళ్ళ తర్వాత ఖలీఫా హారూన్ రషీద్ పళ్ళెంలో అదే వంటకం తన ముందుకు వచ్చినప్పుడు అబూ యూసుఫ్‌కు గురువు మాట గుర్తుకొచ్చింది. ఖలీఫా ఆ కథ విని, జ్ఞానం మనిషిని ఇహంలోనూ పరంలోనూ ఉన్నతుణ్ణి చేస్తుందని ఒప్పుకుని, ఇమామ్ అబూ హనీఫా కోసం దుఆ చేశారని చరిత్ర గ్రంథాలు పేర్కొన్నాయి.

జ్ఞానం పట్ల ఆయన తపన ఎంతటిదంటే, తన చిన్న కుమారుడు మరణించిన రోజున కూడా ఖననం పని బంధువులకూ ఇరుగుపొరుగువారికీ అప్పగించి గురువు పాఠానికి వెళ్ళారు. ఆ రోజు పాఠం తప్పిపోతే ఆ లోటు ఇక తీరదని ఆయన భయం. ఇమామ్ అబూ హనీఫా దగ్గరకు రాకముందు ఆయన కూఫా ఖాజీ ఇబ్ను అబీ లైలా దగ్గర కూడా చదివారు. న్యాయస్థానం ఎలా నడుస్తుందో అక్కడ దగ్గరగా చూశారు. ఇద్దరు గురువులకు భేదాభిప్రాయం ఉన్న విషయాలన్నీ కూర్చి ఒక గ్రంథం కూడా రాశారు. మదీనా వెళ్ళి ఇమామ్ మాలిక్ (రహ్మలై)ను కలుసుకున్నారు. అక్కడివారు తరతరాలుగా వాడుతున్న 'సాఅ' కొలపాత్రలను చూసి, ఆ కొలత విషయంలో అంతవరకూ ఉన్న తన అభిప్రాయాన్ని మార్చుకున్నారు. ఆధారం కనబడితే తన మాటను వదులుకోగల ఈ గుణమే తర్వాత ఆయన్ని మంచి న్యాయమూర్తిని చేసింది.

గురువు కాదన్న పదవి

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావచ్చు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ఖాజీ పదవిని జీవితాంతం నిరాకరించారు. ఉమయ్యాల కాలంలో ఇరాక్ గవర్నరు ఇబ్ను హుబైరా కొరడా దెబ్బలు కొట్టించినా ఒప్పుకోలేదు. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ చెరసాలలో వేయించినా ఒప్పుకోలేదు. హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో బగ్దాదులో పరమపదించారు. పాలకుల ఒత్తిడికి లొంగి తీర్పు చెప్పాల్సి వస్తుందేమోనన్న భయమే ఆ నిరాకరణకు కారణం. అలాంటి గురువుకు అత్యంత ప్రియమైన శిష్యుడు అదే అబ్బాసీల కొలువులో ఖాజీ పదవిని ఎలా స్వీకరించారు?

ఈ ప్రశ్న ఆయన్ని బతికినంత కాలం వెంటాడింది. ఖలీఫాకు అనుకూలంగా ఉపాయాలు వెదికి పెట్టేవారని ఆయన మీద అపవాదులు పుట్టాయి. వినోదం కోసం రాసిన కథల పుస్తకాల్లో అవి ఇప్పటికీ కనిపిస్తాయి. మరోవైపు ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) వంటివారు హదీసు విద్యను మొదట రాసుకున్నది అబూ యూసుఫ్ దగ్గరే. హదీసు ఉల్లేఖకులను నిశితంగా పరీక్షించిన యహ్యా బిన్ మయీన్ (రహ్మలై) ఆయన్ని విశ్వసనీయుల్లో లెక్కించారు. గురువు మార్గం ఒక విధమైన త్యాగం. శిష్యుడిది మరొక విధమైన పరీక్ష. మంచివారంతా న్యాయపీఠానికి దూరంగా ఉంటే, దానిమీద కూర్చునేదెవరు? ఆ కుర్చీ చెడ్డవారికి దక్కితే నష్టపోయేది దిక్కులేనివారే. అయితే ఆ పీఠం మీద కూర్చున్నవాడు పాలకుడి ముఖం చూడకుండా ఉండగలడా అన్నదే అసలు పరీక్ష.

ఖలీఫా మహ్దీ కాలంలో ఆయన బగ్దాదులో ఖాజీగా నియమితులయ్యారు. మహ్దీ తర్వాత హాదీ, ఆయన తర్వాత హిజ్రీ 170 (క్రీ.శ. 786)లో ఖలీఫా అయిన హారూన్ రషీద్ కాలంలోనూ ఆ బాధ్యతల్లో కొనసాగారు. ఇస్లామీయ చరిత్రలో 'ఖాజీల ఖాజీ', అంటే ప్రధాన న్యాయమూర్తి అనే బిరుదు మొదట పొందినది ఆయనే. ఆయన సలహా మీద వివిధ ప్రాంతాలకు ఖాజీల నియామకం జరిగేది. హనఫీ ధర్మశాస్త్రం దూరదేశాలకు వ్యాపించడానికి అదొక ముఖ్య కారణమైంది.

పాలకుడు కూడా ఒక కక్షిదారే

ఖలీఫా హాదీకీ, ఒక సామాన్యుడికీ ఒక తోట విషయంలో వివాదం వచ్చింది. సాక్ష్యాలు పైకి ఖలీఫా పక్షానే ఉన్నాయి. వాస్తవం మాత్రం ఆ సామాన్యుడి పక్షాన ఉందని అబూ యూసుఫ్ గ్రహించారు. కేసు ఏమైందని ఖలీఫా అడిగితే, తమ సాక్షులు నిజమే చెప్పారని తమరు ప్రమాణం చేయాలని ఎదుటి కక్షిదారు కోరుతున్నాడని ఆయన చెప్పారు. అలా ప్రమాణం కోరవచ్చునా అని ఖలీఫా అడిగారు. ఖాజీ ఇబ్ను అబీ లైలా అభిప్రాయం అదేనని జవాబిచ్చారు. అబద్ధ ప్రమాణానికి ఖలీఫా వెనుకాడి తోటను ఆ మనిషికి వదిలేశారు. పాత గురువు దగ్గర నేర్చుకున్న ఒక అభిప్రాయం ఒక బలహీనుడి ఆస్తిని నిలబెట్టింది.

మరొక సంఘటన. హారూన్ రషీద్ ఆస్థానంలో పెద్ద హోదాలో ఉన్న ఫజ్ల్ బిన్ రబీ ఒక కేసులో సాక్ష్యం చెప్పడానికి వచ్చారు. అబూ యూసుఫ్ ఆ సాక్ష్యాన్ని తిరస్కరించారు. కారణం చెప్పమని ఖలీఫా అడిగారు. ఈయన తమరితో తాను తమ దాసుడినని అనగా విన్నానని, అది నిజమైతే దాసుడి సాక్ష్యం చెల్లదనీ, అబద్ధమైతే అబద్ధాలకోరు సాక్ష్యం అసలే చెల్లదనీ ఆయన వివరించారు. ముఖస్తుతి చేసే నాలుక న్యాయస్థానంలో నమ్మదగినది కాదన్నమాట.

సాక్షుల విషయంలో ఆయన పాటించిన జాగ్రత్త ధర్మశాస్త్ర గ్రంథాలలో కూడా నమోదైంది. ముస్లిం అయిన సాక్షి పైకి సజ్జనుడిగా కనిపిస్తే, ఎదుటి పక్షం అభ్యంతరం చెప్పనంతవరకూ సాధారణ వివాదాల్లో అది చాలునని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయపడ్డారు. అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మలై) మాత్రం బహిరంగంగానూ, రహస్యంగానూ సాక్షి నడవడిని విచారించి తీరాలన్నారు. కాలం మారిందనీ, మనుషులు మారారనీ ధర్మపండితులు దీనికి వివరణ ఇచ్చారు. అద్దె సాక్షులను తెచ్చుకోగలిగేది డబ్బున్నవాడే కాబట్టి, ఈ విచారణ వల్ల ఎక్కువగా రక్షణ పొందేది పేదవాడే.

ఖలీఫాకు రాసిన గ్రంథం

హారూన్ రషీద్ కోరిక మీద ఆయన 'కితాబుల్ ఖరాజ్' అనే గ్రంథం రాశారు. ఖరాజ్ అంటే భూమి శిస్తు. పేరు చూస్తే పన్నుల పుస్తకమే అనిపిస్తుంది. కానీ రైతుల, ఖైదీల, ముస్లిమేతర ప్రజల హక్కుల గురించి ఒక న్యాయకోవిదుడు పాలకుడికి రాసిచ్చిన హెచ్చరిక అది. పాలకుడు కాపరి వంటివాడనీ, తన మందను గురించి అల్లాహ్ ముందు లెక్క చెప్పుకోవలసి ఉంటుందనీ గ్రంథం ఆరంభంలోనే ఆయన ఖలీఫాకు గుర్తుచేశారు.

శిస్తును నిర్ణీత మొత్తంగా కాకుండా పండిన పంటలో వాటాగా తీసుకోవాలని ఆయన సూచించారు. కాలువ నీటితో తనంతట పారే గోధుమ, బార్లీ పొలాల మీద అయిదింట రెండు వంతులు, నీటిచక్రాలతో తోడిపోసుకునే పొలాల మీద పదింట మూడు వంతులు, ఖర్జూరం, ద్రాక్ష, ఇతర తోటల మీద మూడో వంతు, వేసవి పంటల మీద నాలుగో వంతు అని లెక్క కట్టారు. నీళ్ళు తోడుకునే రైతుకు ఖర్చు ఎక్కువ కాబట్టి అతని మీద భారం తక్కువ. పంట పోతే రైతు ఆ మేరకు బయటపడతాడు.

శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతిని ఆయన తీవ్రంగా ఖండించారు. గుత్తదారు తాను కట్టిన సొమ్ముకు మించి రాబట్టుకోవడం కోసం రైతులను పీడిస్తాడనీ, దానితో ఊళ్ళు పాడుబడతాయనీ వివరించారు. శిస్తు కోసం ఎవరినీ కొట్టరాదనీ, ఎండలో నిలబెట్టరాదనీ రాశారు. జిజియా విషయంలో ముస్లిమేతరుల పట్ల కూడా అదే మాట చెప్పారు. వారిని శక్తికి మించి బాధపెట్టరాదని దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను గుర్తుచేశారు. బిచ్చమెత్తుకుంటున్న అంధుడైన ఒక యూద వృద్ధుణ్ణి చూసి హజ్రత్ ఉమర్ (రజి) అతనికి బైతుల్‌మాల్ నుంచి సహాయం ఏర్పాటు చేసి, అతని మీదా అతని వంటి వారి మీదా జిజియా ఎత్తివేసిన సంఘటనను ఖలీఫా ముందు ఆదర్శంగా ఉంచారు.

నెలకో, రెండు నెలలకో ఒకసారైనా ఖలీఫా స్వయంగా కూర్చుని ప్రజల ఫిర్యాదులు వినాలని కూడా ఆయన కోరారు. ఒక్కరిద్దరి ఫిర్యాదు వింటే చాలు, ఆ వార్త దూరప్రాంతాలకు పాకి, అక్కడి అధికారులు అన్యాయం చేయడానికి జంకుతారని ఆయన ఆలోచన. అందరూ రాజధానికి రాలేరు. కానీ తలుపు తెరిచి ఉందన్న కబురు వెళ్ళగలదు.

ఖైదీ కూడా మనిషే

ఈ గ్రంథంలో మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది ఖైదీల గురించిన భాగం. ఆ రోజుల్లో ఖైదీలను సంకెళ్ళతోనే వీధుల్లోకి పంపి భిక్షమెత్తించేవారు. ఇది ముస్లిం సమాజానికి సిగ్గుచేటని అబూ యూసుఫ్ రాశారు. ఏ గతీ లేని ప్రతి ఖైదీకీ బైతుల్‌మాల్ నుంచి నెలకు 10 దిర్హములు ఇవ్వాలన్నారు. రొట్టెలు పంపితే జైలు సిబ్బంది మధ్యలోనే కాజేస్తారు కాబట్టి డబ్బు రూపంలోనే ఇవ్వాలనీ, ఖైదీల పేర్లు పట్టికలో రాసి, నమ్మకస్తుడైన మనిషి చేత పేరు పేరునా పిలిచి చేతికివ్వాలనీ సూచించారు. చలికాలంలో చొక్కా, కప్పుకోవడానికి దుప్పటి, వేసవిలో చొక్కా, లుంగీ ఇవ్వాలన్నారు. స్త్రీ ఖైదీలకు తల కప్పుకునే వస్త్రం కూడా చేర్చారు. దిక్కులేని ఖైదీ చనిపోతే గుసుల్, కఫన్, జనాజా నమాజు, ఖననం అన్నీ ప్రభుత్వ ఖర్చుతో జరగాలన్నారు.

ఇంతకన్నా ముఖ్యమైనది విచారణ లేకుండా నిర్బంధించడం గురించి ఆయన చెప్పినది. ఎవరో వచ్చి ఫలానావాడు నేరం చేశాడన్నంత మాత్రాన ఒక మనిషిని జైల్లో వేయకూడదు. ఆరోపించినవాణ్ణీ, ఆరోపణకు గురైనవాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. రుజువుంటే తీర్పు చెప్పాలి, లేకపోతే జామీను తీసుకుని వదిలేయాలి. కొట్టి, భయపెట్టి చేయించిన ఒప్పుకోలు చెల్లదు. జైళ్ళు కిక్కిరిసిపోవడానికి కారణం ఖైదీల కేసులను ఎవరూ పట్టించుకోకపోవడమేననీ, అధికారులు ప్రతిరోజూ వారి సంగతి చూడాలనీ ఆయన ఖలీఫాకు స్పష్టంగా రాశారు. పన్నెండు వందల ఏళ్ళ క్రితం రాసిన మాటలివి.

చివరి ఘడియల్లో ఒక బాధ

హిజ్రీ 182 (క్రీ.శ. 798)లో బగ్దాదులో ఆయన అంతిమ ఘడియలు సమీపించాయి. చూడటానికి వచ్చిన ఒక శిష్యుడితో, హజ్‌లో జమరాతుల మీద రాళ్ళు రువ్వే విషయంలో నడిచి చేయడం మంచిదా, వాహనం మీద నుంచి చేయడం మంచిదా అన్న చర్చ సాగించారు. శిష్యుడు బయటికి వచ్చి కొంచెం దూరం వెళ్ళేసరికే ఆయన కన్నుమూశారన్న వార్త తెలిసింది.

ఆ ఆఖరి రోజుల గురించే మరొక ఉల్లేఖనం ఉంది. తాను తీర్పులు చెప్పిన ఇన్నేళ్ళలో ఏ కక్షిదారు వైపూ మనసులో కూడా మొగ్గలేదని ఆయన అల్లాహ్‌తో మొరపెట్టుకున్నారు. అయితే ఒక్క సందర్భం గుర్తుకు వచ్చి కన్నీరు పెట్టుకున్నారు. ఒక క్రైస్తవుడు ఖలీఫా హారూన్ రషీద్ మీద దావా వేశాడు. విచారణ వేళ ఖలీఫా తన ఆసనం మీదే కూర్చుని ఉన్నారు. ఆ క్రైస్తవుణ్ణి ఖలీఫాతో సమానమైన స్థానంలో కూర్చోబెట్టలేకపోయానన్నదే ఆయన బాధ. ఆ కేసులో ఇచ్చిన తీర్పు గురించి ఉల్లేఖనాలు కొంత భిన్నంగా ఉన్నాయి. ఆయన్ని బాధపెట్టినది మాత్రం ఇద్దరి కూర్చునే చోటులో ఉన్న తేడా.

గురువు ఏ భయంతో పదవిని దూరంగా ఉంచారో, శిష్యుడు ఆ భయాన్ని పదవితోపాటే మోసుకుని తిరిగారని ఈ సంఘటన చెబుతోంది. తీర్పు న్యాయంగా ఉంటే చాలదు. న్యాయం కోరి వచ్చినవాడు తక్కువవాడినన్న భావన లేకుండా నిలబడగలగాలి. అతను ఏ మతస్థుడైనా సరే.

మన ముందున్న బాధ్యత

మన దేశంలో 2022 సంవత్సరాంతానికి జైళ్ళలో ఉన్నవారిలో దాదాపు నలుగురిలో ముగ్గురు నేరం రుజువు కానివారు, అంటే విచారణ ఖైదీలు. జామీను మంజూరైనా పూచీ ఇచ్చేవారు లేక లోపలే ఉండిపోయే పేదలు వారిలో ఉన్నారు. 1987లో చేసిన న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాది సహాయం పొందే హక్కు ఉంది. తక్కువ ఆదాయం గలవారికీ ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు పెట్టుకుంటే చాలు. ఈ సంగతి తెలియక భర్త వదిలేసిన ఆడపడుచులు, ఆస్తి కోల్పోయిన వితంతువులు ఏళ్ళ తరబడి మౌనంగా కుమిలిపోతున్నారు. తెలిసినవారు తెలియనివారికి చెప్పడం కూడా పుణ్యకార్యమే.

మన పిల్లల్లో న్యాయశాస్త్రం చదివేవారు ఉన్నారు. వారిని చూసి సంపాదన ఎంత అని అడగటం మనకు అలవాటైపోయింది. ఎంతమంది దిక్కులేనివారి తరఫున నిలబడ్డావని కూడా అడుగుదాము. పేద విద్యార్థి చదువు మధ్యలో ఆగిపోతుంటే, ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అందరూ వెళ్ళేదాకా ఆగి ఇచ్చిన ఆ సంచిని గుర్తుచేసుకుందాము. ఆ 100 దిర్హములే లేకపోతే ఖైదీల కోసం ఆ పేజీలు రాసే చేయి ఆ రేవులోనే ఉండిపోయేది.

అల్లాహ్ ఇమామ్ అబూ యూసుఫ్‌ను కరుణించుగాక! మన తీర్పుల్లో, మన సాక్ష్యాల్లో, మన ఇళ్ళలో న్యాయం మీద స్థిరంగా నిలిచే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.